చెరో ఏడు మాత్రలు

షెడ్డు నుంచి
మంగళవారం, టీ బ్రేకులో

అక్కా,

సరే, నేను అబద్ధాలకోరునే. ఒప్పుకున్నా. కానీ ఆ మాట బస్సు మెట్టు మీద నిలబడి అనాలా? "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా" అని నిన్న నువ్వు వేసిన కేకకి డ్రైవరు వెనక్కి తిరిగి మరీ నా మొహం చూశాడు. నువ్వు బస్సెక్కి పోయావు. ఆ స్టాపులో నేనొక్కణ్ణే మిగిలా, పట్టుబడ్డ దొంగలాగా.

అసలు నా బకెట్ జోలికి నువ్వెందుకెళ్ళావు? ఒక పూట చూసిపోదామని వచ్చినదానివి, కూర్చుని టీ తాగి నీ మరదలితో కబుర్లు చెప్పుకోవచ్చుగా. నానబెట్టిన నా బట్టలు నిన్నెవరు ఉతకమన్నారు? ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికించి మడతపెట్టించే ఉద్యోగం నీది, కాదన్లేదు. మా ఇంటికొచ్చి కూడా మరకలు చదవాలా?

అవి పాతవి. మంచం కింద దాచినవి. ఇప్పుడు నాకేం లేదు.

నిన్న నన్ను చెప్పనివ్వలేదు, ఇప్పుడు చెప్తా, విను. ఓడరేవులో చేపల కోల్డ్ రూమ్ కట్టడానికి ఆరు వారాలు వెళ్ళానుగా. మెషిన్ మొదటిసారి చల్లబడ్డ రోజు అందరం తాగాం. అక్కడ ఐసు కౌంటర్లో పనిచేసే అమ్మాయి ఒకతి ఉండేది, నా జోకులకి నవ్వేది. ఒక్కసారే అక్కా. ఒట్టు. ఆవిడే నాకు అంటించింది. ఇంటికొచ్చిన ఐదో రోజు మొదలైంది. బాత్రూంలోకి వెళ్తే కాలిన తీగ లాగుతున్నట్టు మంట. తలుపుకి తల ఆనించి పళ్ళు బిగపట్టుకునేవాణ్ణి. తర్వాత చీము. అప్పటికే ఇంట్లో... అంటే ఆరు వారాల తర్వాత ఇంటికొచ్చిన మొగుణ్ణి కదా. ఇంతకంటే రాయలేను, అర్థం చేసుకో.

మాత్రలు వేసుకున్నా. పోయింది. పోయినదాన్ని పట్టుకుని తనకి చెప్పి కాపురంలో నిప్పు పెట్టుకోమంటావేంటి?

నిన్న నేనూ ఒక మాట తూలాను. పిల్లాజెల్లా లేనిదానివి, కాపురం సంగతి నీకేం తెలుసు అని. అది వెనక్కి తీసుకుంటున్నా. మొత్తం కాదు, సగం. మిగతా సగం నువ్వు ఆ బకెట్ ముట్టుకున్నందుకు.

ఫోన్లో మాట్లాడదామంటే మాది ఒకటే గది, తెలుసుగా. అందుకే కాగితం. బావ స్పేర్ పార్టులు కొనడానికి ఇవాళ ఇక్కడికే వచ్చాడు, రెండు వారాలకోసారి వస్తూనే ఉంటాడుగా, ఆయన చేతికే ఇస్తున్నా. కవరు జిగురుతో కాదు, పైపులకి చుట్టే టేపుతో అంటించా. నువ్వూ అలాగే అంటించి పంపు.

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి
ఆదివారం

తూనీగకి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే సగంలో ఎగిరిపోతావు, చిన్నప్పుడు బడిలోంచి ఎగిరిపోయినట్టు.

నీకు జబ్బొచ్చినందుకు నేను అరవలేదు. జబ్బు ఎవరికైనా వస్తుంది. "తనకేం చెప్పక్కర్లేదు" అని నువ్వు ఈల వేసుకుంటూ అన్నావు చూడు, దానికి అరిచా.

మా గదిలోకి రోజూ నాలుగు బండ్ల బట్టలు వస్తాయి. ఏ మరక ఏ వార్డుదో చూడగానే చెప్పగలను. ఇన్నేళ్ళలో నాకు తెలిసింది ఒకటే. మగాళ్ళకి మంట వస్తుంది, చీము వస్తుంది, భయపడి పరిగెత్తుకొస్తారు. ఆడాళ్ళలో చాలామందికి ఏదీ రాదు. అదిరా భయం. మంట లేదు, మరక లేదు, నవ్వుతూ పనికి పోతుంటారు. లోపల అది గర్భసంచి దాకా, ట్యూబుల దాకా పాకుతుంది. పొత్తికడుపు పట్టుకుని మా వార్డుకి వచ్చేసరికి ఏడాది అయిపోయుంటుంది. "నాకేమీ లేదండీ, మొన్నటిదాకా బాగానే ఉన్నా" అంటారు. అందరూ అదే మాట.

ఆ ఐసు కౌంటరు అమ్మాయిని ఆడిపోసుకోకు. ఆమెకీ తెలిసుండదు. ఆమెకి అంటించినవాడు కూడా నీలాగే ఎక్కడో కూర్చుని "నాకు పోయింది" అని ఉత్తరం రాస్తుంటాడు.

వీటికి జవాబు రాయి. మాత్రలు ఎన్ని వేసుకున్నావు? ఎవరు రాసిచ్చారు? పరీక్ష చేయించావా? మందు వేసుకున్నాక తన దగ్గరికి వెళ్ళావా? తనకి ఇప్పించావా?

నేను చెప్పనులే, భయపడకు. ఈసారి మీ బావ వచ్చేలోపు నువ్వే చెప్పాలి. తను పిల్లల కోసం చూస్తోందని నాతో అంది. చిన్న గౌను ఒకటి అప్పుడే కొని దాచిందట, మొన్న అరలోంచి తీసి చూపించింది. నీకు చూపించిందో లేదో.

నీ మాటకి నేనేమీ ఏడవలేదు. బస్సు కిటికీ పక్కన దుమ్ము.

అక్క


షెడ్డు నుంచి
రెండు వారాల తర్వాత, మళ్ళీ మంగళవారం

అక్కా,

నువ్వు నన్ను మరీ బుద్ధిలేనివాడి కింద జమకట్టేశావు. బడి మానేశాను గానీ బుర్ర మానెయ్యలేదు. నీ మరదలికి మందు ఇప్పించావా అని అడిగావు చూడు. ఇచ్చా! నీకంటే ముందే నాకు తట్టింది.

విను మరి. పద్నాలుగు మాత్రలు కొన్నా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వారం రోజులు అన్నాడు మందుల షాపువాడు. మూడో రోజుకే మంట తగ్గింది, నాలుగో రోజుకి శుభ్రం. ఏడు మిగిలాయి. బలం మాత్రల ఖాళీ సీసా ఒకటి ఇంట్లో ఉంటే, ఆ ఏడూ అందులో పోసి తనకిచ్చా. నీరసంగా ఉన్నావు, రోజుకి రెండు వేసుకో అన్నా. తను నా బుగ్గ గిల్లింది, అబ్బో ఎంత ప్రేమో అని.

నవ్వకు. మా పనిలో ఇది మామూలే. గ్యాస్ సిలిండరు ఒకటే ఉండి రెండు మెషిన్లు ఆగిపోతే ఏం చేస్తాం? దానికి సగం, దీనికి సగం. రెండూ నడుస్తాయి. ఏదో ఒకటి ఎండబెట్టి కూర్చోంగా. చెరో ఏడు. ఎవరికీ అన్యాయం లేదు.

ఇక ఎవరు చెప్పారంటే, మా పనిలోనే ఉన్న పెద్దాయన ఒకాయన. పేరు అడగొద్దు, చెప్పనని మాటిచ్చా. మాత్రల పేరు కూడా ఆయనకి నోటికొచ్చు. ఆయనకీ వచ్చిందట. ఎప్పుడో పళ్ళ మార్కెట్లో కోల్డ్ రూమ్ కట్టినప్పుడు, తలుపు తిరగేసి బిగించేసి లోపలుండాల్సిన గొళ్ళెం బయట పడితే మనుషులు అందులో చిక్కుకున్నారు చూడు, ఆ ఏడాది. నాలుగు రోజుల మందుకే ఆయనకి పోయింది. మళ్ళీ రాలేదు. వాళ్ళావిడకి ఈ సంగతి తెలియనే తెలియదు, చెప్పనే లేదు. ఆవిడ ఇన్నేళ్ళయినా గుండ్రాయిలా ఉంది. తుమ్ము కూడా రాదు. ఇక నీ ట్యూబులూ పాకడాలూ ఎక్కడివి? ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి ప్రపంచమంతా రోగుల్లాగే కనపడుతుంది.

పరీక్షా గిరీక్షా ఏం వద్దు. తగ్గిపోయిన దానికి పరీక్ష ఏంటి?

బావ వ్యాన్ హారన్ కొడుతున్నాడు. ఆయన్ని చూస్తే నాకు ధైర్యం వస్తుంది అక్కా, నువ్వు కూడా ఆయనలా తేలిగ్గా తీసుకోవచ్చుగా.

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి
తేదీ వేయను

తమ్ముడికి,

ఇది పోస్టులో వస్తుంది. ఇక మీ బావ చేతికి ఏదీ ఇవ్వకు.

నీ ఉత్తరం తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను టేపు చింపి చదువుతుంటే ఎదురుగా కూర్చుని టీ తాగాడు. "ఏమంటాడు మనోడు?" అని అడిగాడు. "బాగానే ఉన్నాడట" అన్నా. "నేను చెప్పలా" అని కప్పు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఉత్తరం నెల రోజులు దగ్గర పెట్టుకున్నా. రాయడానికి చెయ్యి రాలేదు.

నువ్వు పేరు రాయలేదు. మంచిపని చేశాననుకున్నావు. తలుపు తిరగేసి బిగించిన కోల్డ్ రూమ్ ఎన్ని ఉంటాయిరా? ఆ కథ మీ బావ మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి నవ్వించేవాడు. అప్పటికి మా పెళ్ళయి రెండేళ్ళు.

ఆ గుండ్రాయి నేనే.

నా గురించి నాకే రాసి పంపావు. ఆవిడకి తెలియనే తెలియదు అని ఆవిడకే రాశావు.

నీకు తెలియనిది నేను చెప్తా. పెళ్ళయిన ఐదో ఏడు పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. లోపలికి గొట్టం పెట్టి చూశారు. రెండు ట్యూబులూ మూసుకుపోయాయంది. ఎప్పుడో లోపల చీము పట్టి మానిన గుర్తులున్నాయంది. "మీకు గానీ మీ ఆయనకి గానీ ఎప్పుడైనా ఇన్ఫెక్షన్ వచ్చిందా, మంట, చీము లాంటివి?" అని అడిగింది. "లేదండీ, ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు" అని నేను గట్టిగా చెప్పా. నాకు తెలిసింది అదే. మీ బావ బయట బెంచీ మీద కూర్చుని ఎవరిదో ఫ్యాన్ విప్పి బాగుచేస్తున్నాడు. ఆ తలుపు దాటి లోపలికొచ్చి ఉంటే ఆ ప్రశ్న ఆయనా వినేవాడు.

మా వార్డు డాక్టరుని మొన్న అడిగా, ఎవరిదో సంగతి అన్నట్టు. అదే కారణం అయ్యుండొచ్చు, ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ ఖాయంగా చెప్పలేరు అన్నాడు. అంటే ఇక నేను చచ్చేదాకా "అయ్యుండొచ్చు" తోనే బతకాలి. ఇన్నాళ్ళూ నా ఒంట్లో ఏదో లోపం అనుకుని ఆయన ముందు తలొంచుకు తిరిగా. ఆయన నన్ను ఓదార్చేవాడు కూడా.

ఇది నిన్ను ఏడిపించడానికి రాయడం లేదు. నీ మరదలు, నీ మరదలు అంటావు కదా తనని, ఆ పిల్లకి ఇంకా టైముంది. నాకు లేదు.

నువ్వు చేసింది చెరో ఏడు కాదు. ఇద్దరికీ సున్నా అది.

అక్క


షెడ్డు వెనక, పాత ఫ్రిజ్‌ల మధ్య నుంచి
శుక్రవారం

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలీదు. నాలుగు కాగితాలు చింపేశా.

గెలవాలని రాశానక్కా. నీ మాట మీద గెలవాలని. అంతే. చేతిలో ఏది దొరికితే అది విసిరా. రాసేటప్పుడు నాకు తెలుసు అది నువ్వేనని. తెలిసే రాశా, అది అన్నిటికంటే సిగ్గు. నిన్ను సాక్ష్యానికి తెచ్చుకున్నా, చూడు మా అక్క బాగానే ఉందిగా అని. నీకు పిల్లలు లేని సంగతీ, ఈ సంగతీ ఒకే పైపు మీద ఉన్నాయని నాకు తట్టనే లేదు. అంతకు పదిహేను రోజుల ముందే ఆ మాట నీ మొహాన కొట్టినవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చిన రోజుకే నాకు మళ్ళీ మొదలైంది. అదే మంట. నీకు అబద్ధం చెప్పను, మధ్యలో తన దగ్గరికి వెళ్ళాను, చాలాసార్లు.

క్లినిక్‌కి పోయా. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి ఎదురుగా చెప్పుల షాపులోకి దూరా. మూడోసారి లోపలికి. కౌంటర్లో పెద్దావిడ, నర్సు. పేరు చెప్పాలా అని గొణిగా. వద్దంటే నంబరు ఇస్తాం అంది. నలభై ఒకటి. హాయిగా అనిపించింది, ఎవడో నలభై ఒకటి చేసిన వెధవ పని, నేను కాదు అన్నట్టు.

"మందు ఎవరు రాశారు?" అంది.

"తెలిసినాయన."

"డాక్టరా?"

"ఫ్రిజ్ మెకానిక్."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అయితే మా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే మా డాక్టరు గార్ని పిలుస్తాలే" అంది. వెనక బెంచీ మీద ఎవడో కిసుక్కున నవ్వాడు. తర్వాత ఆవిడే నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. చెరో ఏడు సంగతి చెప్పా. సిలిండరు సంగతి కూడా. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

"సగం మందుకి సగం జబ్బు పోదు బాబూ. మెత్తని క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. ఆ మొండివాటిని నువ్వు ఆవిడకిచ్చావు, ఆవిడ దగ్గర్నుంచి మళ్ళీ నీకొచ్చాయి. ఇద్దరూ ఒకేసారి, ఇద్దరూ పూర్తిగా వేసుకోవాలి. అదీ ఏ జబ్బో చూసి మేమిచ్చిన మందు."

"కండోమ్ వాడావా అక్కడ?" అని కూడా అడిగింది.

"ఉంది."

"ఉందా అనలేదు నేను."

పనిముట్ల సంచిలో ఉంది అక్కా. ఏడాది నుంచి, పైపులు అతికే గ్యాస్ టార్చి పక్కన. ఆ వేడికి అది ఎప్పుడో పాడైపోయుంటుందట. మంచిది తెచ్చుకోవాలి, చల్లగా ఉంచాలి, మొదట్నుంచీ వాడాలి, సంచిలో ఉన్నది ఎవర్నీ కాపాడదు అంది. ఒక్కసారే కదండీ అన్నా. "అందరికీ వచ్చేది ఏదో ఒక్కసారికే" అంది.

మూత్రం తీసుకున్నారు, రక్తం తీసుకున్నారు. కొన్ని జబ్బులు వెంటనే రక్తంలో కనపడవట, మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. నాకు అక్కడే సూది వేశారు, మాత్రలిచ్చారు. తన మందు కూడా పూర్తయ్యేదాకా దగ్గరికి పోవద్దన్నారు. రెండు చీటీలు ఇచ్చారు. "మీరొకసారి వచ్చి పరీక్ష చేయించుకోవడం మంచిది" అని ఉంటుంది, ఎవరి పేరూ ఉండదు. ఒకటి ఓడరేవుకి పోస్టు చేశా, ఐసు కౌంటర్లో ఆవిడకి. ఆవిడ పేరు కూడా నాకు తెలీదక్కా. కవరు మీద "మధ్యాహ్నం డ్యూటీ, ఆకుపచ్చ స్వెట్టరు" అని రాశా.

రెండోది ఇంకా నా సంచిలోనే ఉంది. వారమైంది.

నడుం పట్టేసిందని అబద్ధం చెప్పి కింద పడుకుంటున్నా. తను వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెడుతోంది. బరువులు ఎత్తకు అని చెప్తుంది. నేను గోడ వైపు తిరిగి పడుకుంటా.

బావ మొన్న వచ్చాడు. "ఏరా, ఉత్తరం లేదా?" అన్నాడు. లేదన్నా. వ్యాన్ కేసే చూస్తూ మాట్లాడా, మొహం చూడలేదు. నా గుండెలో ఉన్నది ఆయన మీద కోపమా, నేనూ ఆయన లాగే ఉన్నానన్న భయమా, తెలీడం లేదు. నువ్వు ఆయన్ని అడిగావా?

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి
బుధవారం

తూనీగకి,

అడిగా.

ఇంట్లో ఎవరిదో ఫ్రిజ్ వెనక కూర్చుని పైపుకి సబ్బు నురగ రాస్తున్నాడు, ఎక్కడ కారుతుందో చూడ్డానికి. పక్కన నిలబడి, "పళ్ళ మార్కెట్టు ఏడాది నీకేం జబ్బొచ్చింది?" అన్నా. బ్రష్ ఆగింది. అంతే, అబద్ధం చెప్పలేదు. నువ్వు చెప్పావా అని కూడా అడగలేదు. "నాకు పోయిందిగా, నీకూ ఏమీ లేదనుకున్నా" అన్నాడు. "డాక్టరు దగ్గరికెళ్ళిన రోజు గుర్తు రాలేదా?" అంటే, "వచ్చింది" అన్నాడు.

వచ్చిందట. బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడే గుర్తొచ్చిందట. లేచి లోపలికి రావడానికి సిగ్గేసిందట.

సిగ్గంటే ఏంటో నాకు ఇప్పుడు తెలిసిందిరా. నేననుకునేదాన్ని, సిగ్గుపడే మనిషి మంచివాడని. ఆయన మంచివాడే. ఆ సిగ్గుని కాపాడుకోవడానికి నా ఒళ్ళు వాడుకున్నాడు, అంతే.

నేను ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నా. ఎన్నాళ్ళుంటానో తెలీదు. అది నా సంగతి, నువ్వు మధ్యలో దూరకు.

తనకి ఎలా చెప్పాలో అని అడుగుతావు, నాకు తెలుసు. నాకెవరూ చెప్పలేదు కాబట్టి ఎలా చెప్పాలో నాకూ రాదు. ఎలా వినాలనిపించేదో మాత్రం చెప్తా. అటూ ఇటూ తిరక్కుండా చెప్తే బాగుండేది. ముందు నా ఒంటి సంగతి చెప్పి, తర్వాత ఆయన తప్పు సంగతి చెప్తే బాగుండేది. కోపమొస్తే కోప్పడనిస్తే బాగుండేది, నన్ను వెంటనే క్షమించమని అడక్కుండా. ఇక నాకేమీ తెలీదు.

ఆ గుడ్డ నువ్వే ముంచుకో, తనతో పెట్టించుకోకు.

అక్క


క్లినిక్ వరండా నుంచి
సోమవారం

అక్కా,

చెప్పాను.

నిన్న మధ్యాహ్నం. తను కళ్ళజోళ్ళ షాపులో డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతుంటే చీటీ టేబుల్ మీద పెట్టా. నిలబడే చదివింది. షాపులో అలవాటు కదా, ఎంత చిన్న అక్షరమైనా ఇట్టే చదివేస్తుంది. "ఇదెవరికి?" అంది. "నీకు" అన్నా. "నా వల్ల నీకొక ఇన్ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు. నీకు తెలియకుండా లోపల ఉండొచ్చు. రేపే చూపించుకోవాలి." నువ్వు రాసినట్టే ముందు తన సంగతి చెప్పా. తర్వాత ఓడరేవు. అటూ ఇటూ తిరగలేదు. కాళ్ళు మాత్రం తలుపు వైపు లాగుతూనే ఉన్నాయి, నా సంగతి నీకు తెలుసుగా. స్టూలు కాళ్ళకి నా కాళ్ళు మెలేసి కూర్చున్నా.

కళ్ళజోడు తీసి తుడిచింది. మళ్ళీ తుడిచింది. తర్వాత, "ఆ బలం మాత్రలు?" అంది.

"అవి బలం మాత్రలు కాదు."

లోపలికెళ్ళి సీసా తెచ్చి టేబుల్ మీద కుమ్మరించింది. నాలుగున్నాయి అక్కా. నేనిచ్చింది ఏడు, ఉన్నవి నాలుగు. నాకర్థం కాలేదు. "ఓడరేవు నుంచి చిక్కిపోయి వచ్చావు, నీకే పనికొస్తాయని దాచా" అంది. "నీకు టీలో కలిపిద్దామా అనుకున్నా, చేదుగా ఉంటాయని ఊరుకున్నా."

నేను నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలీదు. ఎవరితోనైనా చెప్పకపోతే ఊపిరాడదు. ఆ నాలుగు మాత్రలూ ఇప్పుడు నా చొక్కా జేబులో ఉన్నాయి. నర్సుకి ఇచ్చేయాలి.

తర్వాత అడిగింది, "వదినకి తెలుసా?"

"తెలుసు."

"నాకంటే ముందు?"

అవునని తలూపా.

"అంటే నా ఒంటి సంగతి అందరి దగ్గరా తిరిగి తిరిగి ఆఖరున నా దగ్గరికొచ్చిందన్నమాట" అంది. గట్టిగా కూడా అనలేదు. బస్సు మెట్టు మీద నువ్వేసిన కేకే నయం.

అప్పుడు అరిచింది. మాత్రల సంగతికి కాదు, నడుం నొప్పి సంగతికి. నడుం బాగానే ఉందా అని అడిగింది, బాగానే ఉందన్నా. ఆ వేడినీళ్ళ గిన్నె గోడకేసి కొట్టింది. "ఆ అమ్మాయి సంగతి ఎప్పటికైనా మర్చిపోతానేమో, చేతులు కాల్చుకుని కాపడం పెట్టింది మాత్రం మర్చిపోను" అంది. క్షమించమని నోటిదాకా వచ్చింది. నువ్వు వద్దన్నావని మింగేశా. గిన్నెకి సొట్ట పడింది. పొద్దున నేనే తీసి పెట్టా.

ఇవాళ వచ్చాం. ఒకే బస్సు, తను ముందు సీట్లో, నేను ఆఖరి సీట్లో. నా టికెట్టు నన్నే తీసుకోమంది. ఇక్కడ కూడా ఆ చివర బెంచీ మీద కూర్చుంది. నంబరు వద్దంది, పేరే రాయించుకుంది, గట్టిగా. "నేనేం తప్పు చేశానని నంబరు" అంది. కౌంటర్లో పెద్దావిడ నా వైపు ఒక్క చూపు చూసింది.

పొత్తికడుపు అప్పుడప్పుడు లాగుతోందని నర్సుతో చెప్తుంటే విన్నా. నాకు చెప్పలేదెప్పుడూ. నేనడగలేదెప్పుడూ. త్వరగా పట్టుకుంటే మందుతో పోతుంది, చాలామందికి ఏ నష్టమూ ఉండదు అంది నర్సు. చాలామందికి అంది. అందరికీ అనలేదు. నువ్వు ఇన్నేళ్ళు మోసింది ఏంటో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

ఇప్పుడు తనని లోపలికి పిలిచారు. పావుగంటయింది. నేను బయట బెంచీ మీద ఉన్నా. పక్కన ఆగిపోయిన వాటర్ కూలర్ ఒకటుంది అక్కా, విప్పి చూద్దామని చెయ్యి పీకుతోంది. రెండుసార్లు లేచా. స్క్రూ డ్రైవరు కూడా తీశా. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, బెంచీ మీద కూర్చుని ఫ్యాన్ విప్పుకున్న ఆయన గుర్తొచ్చాడు. సంచిలో పెట్టేసి ఇది రాస్తున్నా. లోపలికెళ్ళే హక్కు నాకుందో లేదో తెలీదు. తను రమ్మనలేదు. రానా అని అడగడానికి కూడా...

తలుపు తీసింది. నర్సు కాదు, తనే. ఏడ్చిందో లేదో ఇక్కడ్నుంచి తెలీడం లేదు. "డాక్టరు ఏవో అడుగుతోంది, నాకు తెలియనివి. నువ్వే వచ్చి చెప్పు" అంటోంది. వెళ్ళాలి అక్కా.